నోటుపుస్తకం ముందు, నోరు తర్వాత

శిశు సంరక్షణ కోర్సులో చేరి, ప్రాక్టీసుకని ఏ క్రెష్‌కో అంగన్‌వాడీకో వెళ్లిన అమ్మాయిలు మొదటి వారంలోనే అడిగే మాట ఒకటుంది: "మేడం, పిల్లాడు మాట వినకపోతే ఏం చేయాలి?" మూడేళ్లలోపు పిల్లల విషయంలో ఈ ప్రశ్నకు నేరుగా జవాబు లేదు. పట్టుకున్న బొమ్మ వదిలెయ్యమంటే ఏడాదిన్నరవాడికి మాట అర్థమవుతుంది. చెయ్యి ఆపుకునే శక్తే ఇంకా రాలేదు. దాన్ని పెంకితనం అనుకుని దిద్దడానికి దిగితే పిల్లాడికీ మనకీ ఆయాసమే మిగులుతుంది. మూడొంతుల పని గదిని సర్దుకోవడంలో, వేళలు చూసుకోవడంలో, మన నోరు అదుపులో పెట్టుకోవడంలో అయిపోతుంది. మిగిలిన ఒక వంతే పిల్లాడితో పని.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో ఈ పని నేర్చుకోవడానికి ఒక వేళ ఉంది. దసరా తర్వాత పత్తి తీతలు, సంక్రాంతి దాటాక మిరపకోతలు. రెండూ ఆడవాళ్ల చేతుల మీద నడిచే పనులు. ఊళ్లో కూలీలు చాలక ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి దిగుతాయి, చంకన బిడ్డతో సహా. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీలో ఆటపాటల చదువు 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు. అంతకంటే చిన్నవాళ్లకు బరువు తూకం, టీకాలు గుర్తుచేయడం, ఇంటికిచ్చే పోషకాహారం. పగలంతా ఎత్తుకుని చూసేవాళ్లు ఉండరు. 'పాల్నా' పథకం కింద అంగన్‌వాడీతో కలిపి నడిపే క్రెష్‌లు 6 నెలల నుంచి పిల్లల్ని తీసుకుంటాయి, కానీ అవి లేని ఊళ్లే ఎక్కువ. చాలామంది కూలితల్లులకు క్రెష్ అంటే చేనిగట్టు మీది వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల, దాని పక్కన కాపలా కూర్చున్న ఆరేళ్ల అక్క.

కాబట్టి ఇంటర్ ఒకేషనల్‌లో ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ చదివే అమ్మాయైనా, గుంటూరు కమ్యూనిటీ సైన్స్ కళాశాల విద్యార్థిని అయినా, కొత్తగా చేరిన అంగన్‌వాడీ కార్యకర్తైనా ఈ నేల మీద పని నేర్చుకునే వరస ఇది.

మొదటి పని: కూర్చుని రాయడం

తొలి రోజుల్లో పిల్లల్ని ముద్దు చేయాలని, పాటలు పాడాలని చేతులు ఊరుకోవు. ఊరుకోబెట్టాలి. గోడవార చాప మీద కూర్చోండి, పిల్లల కళ్ల ఎత్తుకు మీ కళ్లు దిగేలా. ఒకే పిల్లాడిని ఎంచుకుని పది నిమిషాలు వాడు చేసిందే రాయండి. మీకు అనిపించింది రాయొద్దు.

తేడా ఎక్కడుందో చూడండి. "ఇవాళ చిన్నోడు బాగా అల్లరి చేశాడు, పక్కపిల్లను ఊరికే కొరికాడు, మొండివాడు." ఇది రాత కాదు, తీర్పు. ఇందులోంచి రేపటికి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకదు. అదే సంగతి ఇలా రాయాలి: "10.40. ఆయా గిన్నెలు తెచ్చింది. పిల్లలంతా గుమ్మం దగ్గర గుంపయ్యారు. వాడు వెనకపడ్డాడు. ముందున్న పాప జబ్బ మీద కొరికాడు. పాప ఏడ్చింది. ఆయా వాడిని ఎత్తి గిన్నె దగ్గర కూర్చోబెట్టింది." ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, దానివల్ల వాడికేం దక్కింది. మూడు ముక్కలు. మూడోది రాయడం చాలామంది మరిచిపోతారు. పై రాతలో చూడండి, కొరికినవాడికి అందరికంటే ముందు గిన్నె దొరికింది. వాడు తెలివైనవాడు, రేపు మళ్లీ కొరుకుతాడు.

ఒక వారం రాతలు పక్కపక్కన పెట్టుకుంటే కొన్ని వేళలు కళ్లకు కడతాయి. పదిన్నర దాటాక కొరకడాలు, మధ్యాహ్నం ఒంటిగంట ముందు పేచీలు, సాయంత్రం తల్లులు వచ్చే అరగంటలో తోపులాటలు. ఏ పిల్లాడు 'చెడ్డవాడు' అన్న ప్రశ్న అక్కడితో ఆగిపోయి, ఏ వేళ చెడ్డది అన్న ప్రశ్న మొదలవుతుంది. నా ఉద్దేశంలో ఈ కోర్సు మొత్తంలో అమ్మాయిలకు అసలు చదువు వచ్చేది ఈ మలుపులోనే.

ఒళ్లు చూడండి, ఆ తర్వాతే బుద్ధి

నెలల పిల్లల ఏడుపుకు కారణం వెతికే వరస తెలిసిందే: ఆకలి, తడి, నిద్ర, ఉక్క, కడుపునొప్పి, పళ్లు రావడం, జ్వరం. నిద్ర దగ్గర మాత్రం ఒక లెక్క గుర్తుంచుకోండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 4 నుంచి 11 నెలల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్లవాళ్లకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. కూలికి ఆరింటికల్లా ఆటో ఎక్కాల్సిన తల్లి బిడ్డను అయిదింటికే లేపుతుంది. ఆ బిడ్డ పదింటికి చిరాకు పడితే అది స్వభావం కాదు, నిద్ర బాకీ. వాడిని అందరితోపాటు పన్నెండున్నరకు పడుకోబెడతానని పట్టుబట్టే టీచరు అనవసరంగా రెండు గంటలు యుద్ధం చేస్తుంది.

ఈ ప్రాంతంలో ఆ వరసకు ఇంకొకటి కలపాలి. మిరప ఘాటు. సాయంత్రం తల్లి రాగానే పరుగెత్తుకెళ్లిన బిడ్డ, ఆమె ఎత్తుకున్న నిమిషానికే గుక్కపట్టి ఏడుస్తుంది. "పగలంతా బానే ఉందంట, నన్ను చూడగానే మారాం" అని తల్లి నొచ్చుకుంటుంది. దిష్టి తీసేవాళ్లు తీస్తారు. ఆ బిడ్డ బుగ్గ చూడండి, కళ్ల కింద చూడండి, ఎర్రగా ఉంటుంది. రోజంతా తేజా రకం మిరపకాయలు కోసిన వేళ్లు, తొడిమలు తీసిన వేళ్లు, ఆ దుమ్ము పట్టిన చీరకొంగు బిడ్డ మొహాన్ని తాకాయి. మిరపలో మంట పుట్టించే పదార్థం ఒట్టి నీళ్లకు సరిగా కరగదు, నూనెకు కరుగుతుంది. అందుకే నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు. గుమ్మం దగ్గర ఒక చిన్న గిన్నెలో వంటనూనె, సబ్బు, బకెట్ నీళ్లు, ఉతికిన పాత తుండుగుడ్డ పెట్టండి. తల్లి ముందు చేతులకు నూనె రాసుకుని గుడ్డతో తుడుచుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి, తుండు భుజాన వేసుకుని అప్పుడు బిడ్డను ఎత్తుకోవాలి. పాలిచ్చే తల్లికైతే ఇది మరీ ముఖ్యం. రెండు నిమిషాల పని. పిల్లల ప్రవర్తన మీద పుస్తకాల్లో ఇది దొరకదు.

మందు కొట్టిన పత్తి చేలోంచి వచ్చిన బట్టల విషయంలోనూ అంతే జాగ్రత్త. ఖాళీ పురుగుమందు డబ్బాలు ఇంట్లో నీళ్లకు, ఆటకు వాడుతున్నారేమో ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక కన్నేయండి. దొరికిందల్లా నోట్లో పెట్టుకోవడం ఆ వయసు పిల్లల పద్ధతి. దాన్ని మాన్పించలేం. వాళ్లకు అందే చోట ఏముందో అది మాత్రం మన చేతిలో ఉంది.

గది చెప్పే 'వద్దు'

పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరు ఎన్నిసార్లు "వద్దు" అన్నారో ఒక రోజు గీతలు గీసి లెక్కపెట్టండి. ఆ లెక్క గది ఎలా ఉందో చెబుతుంది. మంచినీళ్ల బిందె నేల మీద ఉంటే పిల్లలు చేతులు పెడతారు. గుమ్మం అవతల కల్లంలో కాయలు ఎండుతుంటే, గుమ్మానికి అడ్డు లేకపోతే, ఆ ఎరుపు చూసి పాకకుండా ఉండే పది నెలల బిడ్డ ఈ భూమ్మీద లేదు. బిందె బల్ల మీదికి, గుమ్మానికి మోకాలెత్తు పలక. రెండు "వద్దు"లు పోయాయి.

రెండేళ్లలోపు పిల్లలు కలిసి ఆడరు, పక్కపక్కన ఆడతారు. పంచుకోవడం వాళ్లకు తెలియదు, చెబితే రాదు. అందుకని ఒక్కటే ఉన్న ఖరీదైన బొమ్మకంటే ఒకే రకం గిన్నెలు ఆరు మేలు. స్టీలు గ్లాసులు, ఖాళీ దారపు కండెలు, మూతలు, గుడ్డబంతులు. మీటరు ఎత్తులోపు అరలో కొన్నే పెట్టి మిగతావి దాచండి. వారానికోసారి మార్చండి.

పాలు మరవని పిల్లల చోటు, నడిచే పిల్లల చోటు వేరు చేయాలి. ఒక దుప్పటి తెర చాలు. ఉయ్యాలలో పడుకున్న బిడ్డ మీద నడిచే పిల్లాడు బంతి విసిరితే తప్పు వాడిది కాదు, ఆ రెండు చోట్లూ కలిపినవాళ్లది.

దిగబెట్టే వేళ

ఏడెనిమిది నెలలు వచ్చేసరికి బిడ్డకు మనుషుల తేడా గట్టిగా తెలుస్తుంది. కొత్త ముఖం చూసి ఏడుస్తుంది, తల్లి కనుమరుగైతే బెంబేలు పడుతుంది. ఇది ఎదుగుదల. ఇంగ్లండులో జాన్ బౌల్బీ, ఆయనతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ తల్లీబిడ్డల బంధం మీద చేసిన కృషిలో ఈ ఏడుపుకు పెద్ద చోటే ఉంది.

ఇక్కడ తల్లులు చేసే పొరపాటు, ఆయాలు సలహా ఇచ్చే పొరపాటు ఒక్కటే: బిడ్డను బొమ్మ వైపు తిప్పి, చాటుగా జారుకోవడం. ఆ పూటకు ఏడుపు తప్పుతుంది. మర్నాటి నుంచి బిడ్డ తల్లి కొంగు క్షణం వదలదు, ఏ నిమిషాన మాయమవుతుందో తెలియదు గనుక. మేస్త్రి హారన్ కొడుతున్నా సరే, తల్లి బిడ్డ ముఖం చూసి "పనికి పోయొస్తా, పొద్దుగూకే లోపు వస్తా" అని చెప్పి వెళ్లాలి. బిడ్డ ఏడుస్తుంది. ఏడవనివ్వండి, ఎత్తుకుని. "అమ్మ కావాలా? అమ్మ పనికెళ్లింది, వస్తుంది" అంటే చాలు. తల్లి కట్టి విడిచిన చీరముక్క ఒకటి (కోతలకు కట్టింది కాదు సుమా) దగ్గర పెడితే నిద్ర వేళకు అదే ఆసరా.

కొత్తగా చేరే బిడ్డకు మొదటి కొన్ని రోజులు ఒకే మనిషి ఎత్తుకోవాలి, తినిపించాలి, కడగాలి. ఇవాళ ఒకరు, రేపు ఒకరు అయితే అలవాటు నెలకు సాగుతుంది. కూలి పోగొట్టుకోలేని తల్లి మొదటి పూట ఒక గంట కూడా కూర్చోలేకపోవచ్చు. అప్పుడు నాయనమ్మనో, పెద్దపిల్లనో కూర్చోమనండి.

నోరు

"పరిగెత్తకు" అన్నప్పుడు పిల్లాడి చెవిన గట్టిగా పడేది "పరిగెత్తు". "మెల్లగా నడువు నాన్నా" అనండి. "పారబోయకు" కాదు, "రెండు చేతులా పట్టుకో". చేయకూడనిది చెబితే చేయవలసింది వాడే ఊహించుకోవాలి, అంత ఊహ ఇంకా రాలేదు. పిల్లాడి ఎత్తుకు వంగి, పేరుతో పిలిచి, మూడు నాలుగు మాటల్లో చెప్పి, ఆగండి. ఈ ఆగడం మనవాళ్లకు రాదు. చెప్పిన మాటే గడగడా నాలుగుసార్లు చెబుతాం.

ఎమ్మి పిక్లర్ అనే పిల్లల వైద్యురాలు 1946లో బుడాపెస్ట్‌లో అనాథ శిశువుల కోసం ఒక ఆశ్రమం నడపడం మొదలుపెట్టింది. అక్కడి ఆయాలకు ఆమె నేర్పిన పద్ధతి మన ఊళ్లోనూ చక్కగా సరిపోతుంది. బిడ్డను ఎత్తే ముందు "ఎత్తుకుంటాను" అని చెప్పి చేతులు చాపి ఆగాలి. ముక్కు తుడిచే ముందు గుడ్డ చూపించాలి. మూడు నెలల బిడ్డకైనా అంతే. కొన్నాళ్లకు బిడ్డే చేతులు చాపుతుంది. వెనక నుంచి వచ్చి చటుక్కున ముక్కు తుడిస్తే పెద్దవాళ్లమైనా విదిలించి కొడతాం.

బూచాడు, సూది, పోలీసు. ఈ మూడింటినీ గుమ్మం బయట పెట్టాలి. సూదికి భయపెట్టిన బిడ్డే రేపు టీకా రోజున ఏఎన్ఎంను చూసి గోడెక్కుతుంది. లంచం బిస్కెట్లూ అంతే, ఏడిస్తే బిస్కెట్ వస్తుందని నేర్పిన పాఠం మాన్పించడానికి నెలలు పడుతుంది. ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు గానీ, ఏడాదిలోపు బిడ్డలకు తెర అసలు వద్దని పైన చెప్పిన 2019 సూచనల్లోనే ఉంది.

ఇంకొక సంగతి. కోతలకు వచ్చిన కుటుంబాల్లో కొందరి ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. పల్నాడు, ప్రకాశం తండాల్లో లంబాడీ. "పిలిస్తే పలకడు" అని రాసే ముందు ఇంట్లో వాడిని ఏమని పిలుస్తారో, నీళ్లనూ అన్నాన్నీ ఏమంటారో తల్లిని అడిగి నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి. పది మాటలు చాలు.

కొరికినప్పుడు

రెండో ఏట కొరకడం దాదాపు ప్రతి క్రెష్‌లోనూ ఉంటుంది. మాటలు రాని వయసు, పళ్లు వచ్చిన వయసు. జరిగిన నిమిషంలో వరస ఇది.

మొదట కరిపించుకున్న బిడ్డ దగ్గరికి వెళ్లండి. కొరికినవాడి మీద అరవడానికి కాదు మీ మొదటి అడుగు. బిడ్డను ఎత్తుకుని, పంటిగాటును సబ్బునీళ్లతో కడిగి, చర్మం తెగితే ఆరోగ్య ఉపకేంద్రంలో చూపించాలి, తల్లికి చెప్పాలి. ఆ తర్వాత కొరికినవాడి పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా, ముఖం మాత్రం గట్టిగా పెట్టి, "కొరికితే నొప్పి. చూడు, పాప ఏడుస్తోంది" అనండి. అంతే. ఉపన్యాసం వద్దు, సారీ చెప్పించడం వద్దు. ఆ వయసులో సారీ ఒక శబ్దం. "నువ్వూ వాడిని కొరుకు, అప్పుడు తెలుస్తుంది" అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తెలిసేది ఒక్కటే, పెద్దవాళ్లు కూడా కొరుకుతారని.

ఆ తర్వాత నోటుపుస్తకం. ఇందాకటి రాత తీయండి. గిన్నెలు వచ్చే వేళ, గుమ్మం దగ్గర గుంపు, వెనకపడ్డవాడు. మందు అక్కడుంది. పదింటికే అరటిపండు ముక్కో, మరమరాలో పెడితే ఆకలి తగ్గుతుంది. గిన్నెలు రాకముందే పిల్లల్ని చాప మీద ఎడంగా కూర్చోబెడితే గుంపు ఉండదు. వాడిని ఆ అయిదు నిమిషాలు మీ పక్కన కూర్చోబెట్టుకుని స్పూన్లు పంచే పని అప్పగించండి. కొరకబోతున్న గుర్తులు, దగ్గరికి రావడం, దవడ బిగించడం, చూసిన క్షణాన చేతిలో తడిగుడ్డ పెట్టండి, నములుకోవడానికి. పది రోజులు రాసి చూడండి. తగ్గకపోతే మీరు వెతికిన కారణం తప్పు, మళ్లీ రాయాలి.

పేచీపెట్టి నేల మీద పడి దొర్లే పిల్లాడి విషయం ఇంతకంటే సులువు. తల తగిలే వస్తువులు తీసి, పక్కన కూర్చుని, మాట్లాడకుండా ఉండాలి. ఆ సమయంలో చెవులు పనిచేయవు. గాలివాన తగ్గాక నీళ్లివ్వండి, ఎత్తుకోండి. అడిగింది మాత్రం ఇవ్వకండి.

నాయనమ్మ ముందు

ఇళ్లకు వెళ్లే రోజు చాలామంది అమ్మాయిలు పుస్తకం అప్పజెబుతారు. పల్లెలో అది చెల్లదు. ఒక సంభాషణ ఎలా నడవాలో చూడండి.

"ఏందమ్మాయ్, కొట్టకుండా పెంచితే పిల్లలు మాటింటారా? మేం పెంచలా?"

"మీరు పెంచారు కాబట్టే అడుగుతున్నా నాయనమ్మా. స్నానం పోసేటప్పుడు వీడు కిమ్మనడంట గదా, ఎట్టా పోస్తారు?"

"ఎట్టా ఏముంది, కాళ్ల మీద ఏసుకుని, నూనె రాస్తా, మాట్లాడతా పోస్తా. ఇదిగో చెయ్యి, ఇదిగో కాలు అని చెప్తా ఉంటే ఆడే ఇస్తాడు."

"అన్నం పెట్టేటప్పుడు కూడా అట్టానే చెప్పి చూడండి, విసిరెయ్యడు."

పిక్లర్ చెప్పింది ఆ నాయనమ్మ రోజూ కాళ్ల మీద చేస్తూనే ఉంది. ఆమెకు తెలిసిన దాన్ని ఇంకొక వేళకు జరపడం మీ పని. నూనెలు, లాలిపాటలు, దాగుడుమూతలు, కొంగు చాటున ముఖం దాచి చూపించే ఆట, ఇవన్నీ 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడేళ్లలోపు పిల్లల కోసం 'నవచేతన' పేరుతో తెచ్చిన 140 కృత్యాలకు దగ్గరి చుట్టాలే.

అన్నీ ప్రవర్తన ఖాతాలో వేయకూడదన్నది కూడా నేర్చుకోవాలి. ఏడాది నిండినా ముద్దుమాటలు, చేతిసైగలు లేకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం, పేరు పిలిస్తే ఎప్పుడూ తిరగకపోవడం. వీటిలో ఏది కనిపించినా 'వాడి తాత కూడా ఆలస్యంగానే మాట్లాడాడు' అని ఆగొద్దు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పరీక్ష చేయడానికి అంగన్‌వాడీలకే వస్తాయి. మీ రాతలు వాళ్ల చేతిలో పెట్టండి. తేదీలతో రాసిన పది పేజీలు డాక్టరుకు ఎంత ఉపయోగమో చెప్పలేం.

కోర్సు చివర మార్కులు వేసేవాళ్లు ఛార్టులు, రంగుల బొమ్మలు చూస్తారు. వాటి బదులు ఆ నోటుపుస్తకం తెప్పించుకుని చదివితే, ఎవరికి ఈ పని వచ్చిందో తెలుస్తుంది.

కళాశాలల వారికి ఒక విన్నపం. ప్రాక్టీసు నెలను జూన్, జులైల్లో పెట్టకండి. అప్పుడు చంటిపిల్లలు తల్లుల దగ్గర ఇళ్లలోనే ఎక్కువగా ఉంటారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు పల్నాడు, ప్రకాశం పల్లెలకు పంపండి. కూలి ఆటో ఆరింటికి కదులుతుంది, కేంద్రం తలుపు తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ మూడు గంటలు బిడ్డలను చూసుకోవడానికి పంచాయతీ ఒక గది, ఒక ఆయాను ఇస్తే, విద్యార్థినులు అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టగలరు.